పెళ్లికొడుక్కి సవారీ నేర్పిన ఇరవై రోజులు

ఆదివారం పొద్దున్నే తలకు హెల్మెట్లు పెట్టుకొని వచ్చి, మా పాత గుర్రపుశాల ఆవరణలో గుండ్రంగా తిరిగే పిల్లలు ఈమధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు: "కాకా, నీ సర్వీసుల నువ్వు నేర్పినవాట్ల అన్నిటికన్న గొప్ప గుర్రం ఏది?"

నిజం చెబితే మీకు నచ్చదు. నేను నేర్పినవాటిలో అన్నిటికన్నా బాగా నేర్చుకున్నదానికి రెండే కాళ్లు. గనిలో డంపర్ నడిపే పిల్లగాడు. వాడి సంగతే ఇవాళ రాస్తున్నాను. మీలో సగం మందికి తెలుగు మాట్లాడటం వచ్చుగాని చదవటం రాదని నాకు తెలుసు. ఇంట్లో చదవగలిగిన పెద్దవాళ్లను పట్టుకొని చదివించుకోండి. వాళ్లు నా చేతిరాత చూసి విసుక్కుంటే కోప్పడకండి. గుర్రం నడకలా ఉండాలని మొదలుపెట్టాను, గుర్రం తొక్కిన నేలలా తయారయింది.

ఇప్పుడు మీరు సవారీ నేర్చుకుంటున్న ఆ జాగా అప్పట్లో పెళ్లి గుర్రాల శాల. చంద్రపూర్ దాటి దుర్గాపూర్ వైపు పోతుంటే ఎడమచేతి పక్క రేకుల షెడ్డు, నాలుగు గుర్రాలు, ఒక బోరింగు, ఒక వేపచెట్టు, ఒక నేను. యజమానురాలు మరాఠీ ఆవిడ. భర్త పోయాక శాలను అమ్మెయ్యమని అందరూ చెప్పినా వినకుండా నడిపించిన మనిషి. మేమంతా ఆమెను తాయి అనేవాళ్లం, అంటే అక్క. ఆమె నన్ను దాదా అనేది, అంటే అన్న. ఎవరు పెద్దో తేలకుండానే ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

బొగ్గు ఊళ్లో తెల్ల గుర్రాన్ని తెల్లగా ఉంచడమే సగం ఉద్యోగం. పొద్దున కడిగితే మధ్యాహ్నానికి నల్లపొడి పడి బూడిద గుర్రం అయ్యేది. బట్టలకు పెట్టే నీలిమందు బకెట్లో రెండు చుక్కలు వేసి మళ్లీ కడిగేవాణ్ని. ఆ నీలం గుర్రానికంటే నా చేతులకే ఎక్కువ పట్టేది. అన్నానికి కూర్చుంటే మా ఆవిడ, "వచ్చిండు నీలమేఘశ్యాముడు" అని కంచం పెట్టేది. గుర్రం తెల్లబడేది, నా ముఖం తెల్లబోయేది.

మా పనిలో పైకి తెలియని సంగతి ఒకటుంది. ఊరేగింపులో అందరికన్నా ఎత్తున కూర్చున్నవాడు ఏ పనీ చెయ్యడు. తాడు నా చేతిలో, నడక గుర్రం కాళ్లలో, వేగం బ్యాండువాళ్ల డోలులో ఉంటాయి. మా లెక్కలో పెళ్లికొడుకు సామాను. జాగ్రత్తగా ఎక్కించాలి, ఒరగకుండా చూడాలి, పందిరి దగ్గర పగలకుండా దించాలి. ముప్పై ఏళ్లు ఆ సామాను మోయించాను. సామానుతో ఒక్కసారైనా మాట్లాడలేదు.

శాలలో ఒక తెల్ల ఆడగుర్రం ఉండేది. మనుషుల పేర్లు రాయకూడదని ముందే అనుకున్నాను కాబట్టి దాని పేరూ రాయను. నా దృష్టిలో అదీ మనిషే. డోలు మోగితే ముందుకాళ్లు ఒకటి తరవాత ఒకటి ఎత్తి తాళం తప్పకుండా ఆడేది. పెద్దవాళ్ల వాకిలి ముందుకు రాగానే నేను తాడును రెండుసార్లు చిన్నగా లాగేవాణ్ని. వెనకకాళ్ల మీద నిలువునా లేచేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు నాకే అనుకొని చాలాకాలం మీసం దువ్వుకున్నాను.

నేను పని మానడానికి ముందు ఏడాది, ఒక సాయంత్రం, ఒక ముసలావిడ ఆటోలోంచి దిగి నేరుగా ఆ గుర్రం ముందుకు వచ్చి నిలబడింది. ఎనభై ఏళ్లుంటాయి. మనిషి గుప్పెడంత. గొంతు మాత్రం గంపెడు.

"ఇది తెల్లదేనా?"

"తెల్లదే అవ్వా. పొద్దుగాల్ల చూస్తే ఇంకింత తెల్లగుంటది."

"కరుస్తదా?"

"నన్ను తప్ప ఎవ్వల్ని కరువలే."

"నువ్వేం జేసినవో మరి. సరే, ఇరవై రోజులకు నా మనుమని లగ్గం. వాడు దీని మీద ఎక్కాలె."

మనుమడు ఏడని చూస్తే గేటు బయట బైకు మీదున్నాడు. బైకు స్టార్టయే ఉంది. ఎత్తూ లావూ ఉన్న పిల్లగాడు, గనిలో డంపర్ ఆపరేటరు. ఒక్కొక్క చక్రం మనిషికంటే ఎత్తుండే బండిని రోజూ బొగ్గు లోయలోకి దింపి పైకి తెస్తాడు.

"ఏంది బిడ్డా, లోపలికి రావా?" అన్నాను.

"ఈడ్నే మంచిగున్నది కాకా. గాలొస్తుంది."

ఆవిడ నన్ను పక్కకు పిలిచి వేపచెట్టు కింద బకెట్ బోర్లించుకొని కూర్చుంది. వాడికి ఏడేళ్లప్పుడు మేనమామ పెళ్లిలో ముచ్చటకని పెళ్లికొడుకు ముందు గుర్రం మీద కూర్చోబెట్టారట. పటాకుల చప్పుడుకు గుర్రం బెదిరింది. వీడి మోచెయ్యి విరిగింది. అప్పటినుంచి గుర్రం బొమ్మ ఉన్న క్యాలెండరు కూడా ఇంట్లో తగిలించనివ్వడట.

"అయితే కారు పెట్టుకుంటే అయిపాయె గద అవ్వా. పూలు గీలు గడ్తరు, మంచిగుంటది," అన్నాను. గుర్రాలవాణ్ని అయి ఉండి కారు పేరెత్తిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఆవిడ చెప్పింది.

"మాది రాజురా దాటినంక కోర్పనా దిక్కు ఊరు. మా వాడకెల్లి బడి దిక్కు పోవాలంటే పెద్దింటి ముంగటికెల్లే పోవాలె. మా ఆయన మాజ్రి గనిల కొలువు చేసి సైకిల్ కొన్నడు. మా వాడల అదే మొదటి సైకిల్. పెద్దిల్లు రాంగనే దిగి నూకుకుంట పోయేటోడు. ఎనుక కూసున్న నేను గూడ దిగేదాన్ని. ఎవ్వలు దిగుమని చెప్పలే బిడ్డా. దిగకుంటే ఏమైతదో అందరికి ఎరుకే. గిప్పుడు ఎవ్వలు ఏమనరు. ఆ ఇంటోళ్లకు గూడ కార్డు ఇచ్చినం, వస్తమన్నరు. గా బాటల నా మనుమడు గుర్రం మీద పోవాలె. నేను చూడాలె. నాకింక వేరే కోరిక లేదు."

నేను ఇంక కారు మాట ఎత్తలేదు. ఊరు దారి ఇచ్చేసింది. దారి ఇవ్వాల్సినవి ఇక పిల్లగాడి మోకాళ్లే.

ఆవిడ ఆటో కదలగానే వాడు గేటు దాకా వచ్చి ఊచల్లోంచి నాతో అన్నాడు: "కాకా, జర నువ్వన్న చెప్పు. కారుల పోతా అని."

"నువ్వే చెప్పు."

"నేను చెప్తే ఏడుస్తది."

"నేను చెప్తే తిడ్తది. ఏడ్పిచ్చుడు నీ వంతు, తిట్లు నా వంతు ఎట్లయితదిరా? గంత పెద్ద డంపర్ నడిపేటోనివి, దీనికి భయపడ్తవా?"

"దానికి స్టీరింగుంటది కాకా, బ్రేకుంటది, హారనుంటది. దీనికి ఏమున్నది?"

"చెవులున్నయి. నువ్వేం అనుకుంటున్నవో దానికి ఎరుకైతది."

ఆ మాట ధైర్యం చెప్పడానికే అన్నాను. వాడి ముఖం ఇంకా పాలిపోయింది.

మర్నాడు షిఫ్టు దిగి వచ్చాడు. నాకేమీ బెంగ లేదు. ఎక్కిస్తే ఎక్కుతాడు, తాడు నేను పట్టుకుంటాను, ఇంతకాలం చేసిందే కదా అనుకున్నాను. ఆ రోజు గుర్రాలకు లాడాలు వెయ్యడానికి ఉస్తాద్ కూడా వచ్చి ఉన్నాడు. ఆయన బల్హార్షా మనిషి. గుర్రాల కాళ్లు పట్టుకొని బతికేవాడు గనక మిగతా అందరి కాళ్లూ లాగడం తన హక్కనుకునేవాడు.

పిల్లగాణ్ని ఎత్తుపీట మీంచి జీను మీదికి ఎక్కించాను. ఎక్కీ ఎక్కగానే వాడు కళ్లు మూసుకొని, రెండు మోకాళ్లతో గుర్రం పక్కల్ని పట్టకారులా బిగించాడు. డోలు లేదు, సన్నాయి లేదు, పెళ్లి లేదు. గుర్రం ఆడటం మొదలుపెట్టింది. వాడు భయపడి ఇంకా బిగించాడు. అది ఇంకా ఆడింది. నేను "హో, హో" అంటూ తాడు పట్టుకొని చుట్టూ తిరిగాను. చివరికి వాడు గడ్డికుప్ప మీద జారిపడ్డాడు.

ఉస్తాద్ సుత్తి కింద పెట్టి మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"వా మియా! ముగ్గురు మంచిగ ఆడిన్రు. బరాత్‌ల మా ఇంటోళ్లను గూడ తోలుకొస్త."

తాయి ఆఫీసు గదిలోంచి బయటికొచ్చింది. "కాయ్ ఝాలం దాదా, ఏమైంది? బాజా లేకుండ ఎందుకు ఆడుతుంది ఇది?"

నేను గుర్రాన్ని తీసుకెళ్లి కట్టేశాను. ఆ సాయంత్రం గుర్రం దాణా తింటుంటే దాని పక్కన నిలబడి ఆలోచించాను. మెల్లగా తెలిసివచ్చింది. బ్యాండు మొదలవగానే ప్రతి పెళ్లికొడుకూ ఉలిక్కిపడి మోకాళ్లు బిగిస్తాడు. ఆ వెంటనే నేను దాన్ని ఆడిస్తాను. అన్ని పెళ్లిళ్లు చూసిన గుర్రం పాపం ఏమనుకుంటుంది? మోకాళ్లు బిగిస్తే ఆడమన్నట్టు అనుకుంది. నేను నేర్పలేదు, కానీ నా దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు భయపడేవాడు పైనెక్కితే అది ఆడుతుంది, అది ఆడితే వాడు భయపడతాడు. నా కళాకారిణి అని ఊరంతా చెప్పుకున్నదాని కళ అసలు గుట్టు అదన్నమాట.

వేరే గుర్రాన్ని పంపుదామంటే మిగిలిన మూడూ గోధుమరంగువి. ఆవిడ అడిగింది తెల్లది. అందుకని తాయి దగ్గరికి వెళ్లి, ఈ పిల్లగానికి నిజంగా సవారీ నేర్పాలె అన్నాను.

"నువ్వు ఎప్పుడన్న మనిషికి నేర్పినవా?" అంది తాయి.

"లే."

"ఉస్తాద్, విన్నవా?"

"విన్న తాయి. గుర్రం అదృష్టం మంచిగున్నది," అన్నాడు ఉస్తాద్.

మొదటి మూడు రోజులు వాణ్ని ఎక్కనివ్వలేదు. బ్రష్షు ఇచ్చి గుర్రాన్ని తోమమన్నాను. ఎడమ భుజం పక్కనుంచి, కనబడేటట్టు, మాట్లాడుతూ దగ్గరికి రావాలని చెప్పాను. సరిగ్గా తోక వెనకా, ముఖానికి ఆనుకొని ముందూ గుర్రానికి కనబడదు. మీరూ అక్కడ నిలబడకండి. వాడు మొదట చెయ్యి మొత్తం చాచి, తను ఇంటి దగ్గరుండి బ్రష్షును మాత్రం పంపినట్టు తోమాడు. మూడో రోజుకు భుజం ఆనించి తోముతున్నాడు. గుర్రం మెడ వాల్చి ఒక వెనకకాలు మడిచి విశ్రాంతిగా నిలబడింది.

"కాకా, కాలు మడిచింది. తంతదా?"

"లేదురా. నీ మీద నమ్మకం కుదిరి కునుకు తీస్తుంది. నా పెండ్లాం గూడ గింత నమ్మలే నన్ను."

తరవాత ఎక్కించాను. పట్టూ విడుపూ నేర్పాను. గుర్రపు చదువంతా ఆ రెండు మాటల్లో ఉంది. కళ్లెం పట్టి అడుగుతావు. అది మాట విన్న మరుక్షణం వదులుతావు. గుర్రానికి పాఠం అందేది నువ్వు వదిలిన ఆ క్షణంలోనే. మాట విన్నాక కూడా పట్టుకొనే ఉంటే, వినడం వల్ల లాభం లేదని నేర్చుకుంటుంది. మోకాళ్లు బిగిసి అది ఆడితే మేం పట్టించుకోం. వాడు ఊపిరి పూర్తిగా వదిలి, కాళ్లు తడిబట్టల్లా వేలాడదీసి, జీనులో బరువుగా కూర్చున్నప్పుడు అది ఆగితే, వెంటనే మెడ దగ్గర గోకడం. ఆడితే ఏమీ లేదు, ఆగితే గోకుడు. పాత అలవాటు పోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు.

చెప్పడం తేలిక. ఆరో రోజు కూడా వాడు ఊపిరి లోపలికి పీల్చి బయటికి వదలడం మరచిపోతున్నాడు. పెళ్లికి రెండు వారాలే ఉంది. నాకు ఓపిక చచ్చి అరిచాను: "గడ్డిమోపు గూడ నీకంటె మంచిగ కూసుంటదిరా! దిగు!"

వాడు దిగాడు. గుర్రాన్ని గుంజకు కట్టాడు, బ్రష్షును డబ్బాలో పెట్టాడు, వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడోరోజు తాయి అడిగింది: "దాదా, ఇన్నేండ్లల్ల గుర్రం మీద ఎప్పుడన్న గట్ల అరిచినవా?"

"లేదు తాయి. అరిస్తే గుర్రం నేర్చుకోదు గద."

"మగ?" అంది. మరాఠీలో ఆ ఒక్క మాటకు "మరైతే?" అని అర్థం. నేను సైకిల్ తీశాను.

దుర్గాపూర్‌లో గని గేటు పక్క చిన్న పార్కు ఉంది. అక్కడ పనికిరాని పాత డంపర్ ఒకదానికి రంగువేసి చూడటానికి పెట్టారు. షిఫ్టు వదిలే వేళకు దాని నీడలో నిలబడ్డాను. వాడు నన్ను చూసి బైకు ఆపాడు. ముఖం తిప్పుకోలేదు, అదీ వాడి మంచితనం.

"తప్పయింది బిడ్డా," అన్నాను.

"నేను గడ్డిమోపు లెక్కనే కూసుంటున్న కాకా, నీది ఏం తప్పు లేదు," అన్నాడు. ఆ తరవాత ఏం తోచిందో, "ఇది ఎక్కి చూస్తవా?" అని డంపర్ నిచ్చెన చూపించాడు.

ఇనపనిచ్చెన నిలువుగా ఉంది. గుర్రం మీదికి ఎన్ని వేలసార్లు ఎక్కానో, ఇదెంత అనుకొని చెప్పులు విడిచి మొదలుపెట్టాను. సగం ఎక్కి కిందికి చూశాను. అదే నా పొరపాటు. వేళ్లు కమ్మీకి అతుక్కుపోయాయి. మోకాళ్లు బిగుసుకున్నాయి. పైకీ పోలేను, కిందికీ రాలేను. గేటు దగ్గర చాయ్ తాగుతున్న నలుగురు గ్లాసులు పట్టుకొని చూడటానికి వచ్చారు.

"ఏంది కాకా, ఆగినవ్?" కిందినుంచి వాడు.

"గాలొస్తుందిరా," అన్నాను.

వాడు నవ్వలేదు. నా వెనకనే రెండు మెట్లెక్కి, నా మడమ మీద చెయ్యి పెట్టి, నేను గుర్రంతో మాట్లాడే గొంతుతో అన్నాడు: "కిందికి చూడకు కాకా. ఊపిరి ఇడువు. మొత్తం ఇడువు. మంచిగ. ఇగ ఈ కాలు నా చేతిల ఇయ్యి."

ఊపిరి విడిచాను. మోకాలు వదులైంది. కాలు దాని మెట్టు అది వెతుక్కుంది. నేల మీదికి వచ్చాక చెమట తుడుచుకుంటుంటే వాడు ఆశ్చర్యంగా అన్నాడు: "కాకా, నువ్వు చెప్పేది నిజమేనే! నీ కాలు వదులైంది నాకు చేతికి తెల్సింది. గుర్రానికి గూడ గట్లనే తెలుస్తదా?"

ఆరు రోజులు నేను చెప్పి ఎక్కించలేకపోయిన పాఠం, నన్ను దించుతూ వాడికి ఎక్కింది.

ఆ సాయంత్రమే వాడు తిరిగి వచ్చాడు. పన్నెండో రోజుకు తాడు లేకుండా ఆవరణ చుట్టూ నడిపించాడు. పదిహేనో రోజున బ్యాండు పార్టీనుంచి డోలు వాయించే అతణ్ని పిలిపించాం. డోలును గుర్రం మీదికి రానివ్వలేదు. అతను వాయిస్తూ ముందు వెళ్లిపోతుంటే గుర్రాన్ని దాని వెంట పోనిచ్చాం. భయపెట్టేది మనల్ని చూసి పారిపోతుంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది. గుర్రానికీ వచ్చింది, పైనున్నవాడికీ వచ్చింది. పద్దెనిమిదో రోజున డోలు పక్కనే నిలబడి వాయించినా గుర్రం ఆడకుండా నిలబడింది. ఒక్కసారి వాడికి పట్టు తప్పి ముందుకు తూలితే, జూలు పట్టుకొని మెడ మీదికి వంగి ఊపిరి విడిచాడు. నేను చెప్పకుండానే. ఉస్తాద్ పక్కన నిలబడి చూసి, "గిప్పుడు ఇద్దరికి బుద్ధొచ్చింది. ఇగ మిగిలింది నువ్వే," అన్నాడు నాతో. ఎప్పటిలాగే అంటున్నాడనుకొని నవ్వేశాను.

పెళ్లిరోజు తెల్లవారుజామునే గుర్రాన్ని వ్యాన్ ఎక్కించుకొని వార్ధా నది దాటి, రాజురా మీదుగా ఆ ఊరు చేరాం. పత్తి తీసేసిన చేలు, మట్టిగోడలు, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు. వాళ్ల వాడలో ఆడవాళ్లందరూ గుర్రాన్ని చూడటానికి వచ్చారు. బొగ్గుపొడి లేని ఊళ్లో నా గుర్రం నిజంగా ఎంత తెల్లగా ఉంటుందో నేనూ అప్పుడే చూశాను.

పొద్దున పదింటికి ఊరేగింపు బయల్దేరింది. నుదుట బాసికం, తలకు పాగా, చేతిలో నిమ్మకాయ గుచ్చిన కటారు. ఆ కటారును చెల్లెలికిమ్మని చెప్పి వాడి చేతికి కళ్లెం ఇచ్చాను. నా చేతిలో కూడా తాడు ఉంది, వదులుగా, పేరుకు మాత్రమే. ముందు బ్యాండు, తరవాత వాడలోని పిల్లా పెద్దా, తరవాత మేం. ముసలావిడ నడవలేదు గనక మా వెనకే ఆటోలో ఉంది. ముందుసీటు పక్కనుంచి తల బయటపెట్టి, "జర్గుండ్రి, జర్గుండ్రి, నాకు కనబడ్తలేదు," అని అందరినీ అదిలిస్తోంది.

రోడ్డు మలుపులో పెద్దిల్లు కనిపించింది. ఇప్పుడు అంత పెద్దదేం కాదు. సగం పెంకులు పోయి రేకులు వేశారు. గోడ మీద డిష్ యాంటెన్నా ఉంది. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన, గేటు దగ్గర ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్న ఇంటి పిల్లలు. బ్యాండు వాళ్ల ముందు ఆగి ఒక పాట అందుకుంది. పైన పిల్లగాడు నిబ్బరంగా ఉన్నాడు. మోకాళ్లు చూశాను, వదులుగా ఉన్నాయి. ఊపిరి చూశాను, నడుస్తోంది. నా గుండె మురిసిపోయింది.

మురిసిన గుండె చేతికి ఏం చెప్పిందో నాకు తెలియదు. పెద్ద వాకిలి, ఎదురుగా జనం, పైకెత్తిన ఫోన్లు. ముప్పై ఏళ్ల అలవాటు. నా చెయ్యి తాడును రెండుసార్లు చిన్నగా లాగింది.

లాగాక తెలిసింది లాగానని. పిల్లగాడి మోకాళ్లు మార్చాను, గుర్రం అలవాటు మార్చాను, నా చేతి సంగతి ఒక్కనాడూ తలచుకోలేదు. ఉస్తాద్ చెప్పనే చెప్పాడు.

గుర్రం నిలువునా లేచింది. జనం అరిచారు. నేను తాడు వదిలించుకుందామని వెనక్కి ఒకడుగు వేశాను. ఆ అడుగు కింద రోడ్డు లేదు, మురుగు మోరీ ఉంది. నడుము దాకా దిగాను. తాడు చేతిలోంచి జారిపోయింది. బురదలోంచి తలెత్తి చూస్తే ఆకాశంలో రెండు తెల్లటి కాళ్లు, వాటి మీద ఎర్ర పాగా.

వాడు ముందుకు వంగాడు. ఒక చెయ్యి జూలులో ఉంది, రెండోది కళ్లెం వదులు చేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. వాడి పెదవులు గుండ్రంగా తెరుచుకొని ఊపిరి బయటికి పోవడం మోరీలోంచి నాకు స్పష్టంగా కనబడింది. గుర్రం ముందుకాళ్లు నేలకు దిగాయి. దిగగానే అది బెదిరి బ్యాండు మీదికి దూకబోతే, వాడు ఒక పక్క కళ్లెం మెల్లగా లాగి దాన్ని చిన్నగా గుండ్రంగా తిప్పాడు. ఒక చుట్టు. అది మాట వింది. వాడు వదిలాడు. నిలబడింది. వాడు మెడ దగ్గర గోకాడు.

బ్యాండు ఆగిపోయింది. అరుగు మీద ముసలాయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. గుర్రం లేచిందని లేచాడో, పెళ్లికొడుకు వచ్చాడని లేచాడో నేను చెప్పలేను. కూర్చోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది ఆయనకు.

"కాకా, దెబ్బ తాకిందా?" అన్నాడు వాడు గుర్రం మీదినుంచి.

"నాకేం గాలే. నువ్వు నడువు బిడ్డా. తాడు నాకియ్యకు," అన్నాను. అంతకన్నా మంచి సలహా నా సర్వీసులో ఎవరికీ ఇవ్వలేదు.

వాడు నడిపించాడు. డోలు మళ్లీ అందుకుంది. గుర్రం ఆడలేదు, ఎగరలేదు. ఎద్దుల బండి దారిలో పోయే మామూలు గుర్రంలా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పెద్దింటి గోడ ఈ చివరినుంచి ఆ చివరి దాకా పోయింది. నేను మోరీ గట్టు మీద కూర్చొని చూశాను. బడి ముందు పందిరి దాకా వెళ్లి, ఏమనుకున్నాడో, గుర్రాన్ని తిప్పుకొని, పెద్దింటికి ఇవతలే ఆగిపోయిన అవ్వ ఆటో దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చూసినవా అవ్వా?"

ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. వాణ్ని కింది నుంచి పైదాకా చూసింది. "చూసిన. అది మీ తాతది."

"అంటే?"

"అంటే ఏంది? సైకిల్ ఆయన ఒక్కడే దిగిండా? ఇంకోపాలి పో. ఇది నాది."

పంతులు పందిట్లోంచి ముహూర్తం దాటిపోతోందని మనిషిని పంపాడు. పెళ్లికూతురి అన్న పరుగున వచ్చి ఏమైందని అడిగాడు. ఆవిడ ఇద్దరినీ కూర్చోమంది. పిల్లగాడు నవ్వి, గుర్రాన్ని మలుపు దాకా వెనక్కి తీసుకుపోయి మళ్లీ తిప్పాడు. ఆవిడ ఆటో డ్రైవరు భుజం తట్టింది.

"ఏయ్ తమ్మీ, గుర్రం ఎనుకనే పోనియ్యి. జల్ది పోకు."

గుర్రం వెళ్లింది. దాని వెనక ఆటో వెళ్లింది. ఫోన్లు పట్టుకున్న పిల్లలు గుర్రాన్ని తీశారు, ఆటోను ఎవరూ తియ్యలేదు. పెద్దింటి గేటు వచ్చింది. ఆవిడ చీర కొంగు సర్దుకొని, చేతులు ఒడిలో పెట్టుకొని, ఎదురుగా చూస్తూ, సీట్లో నిటారుగా కూర్చుంది. గేటు దాటేదాకా కూర్చునే ఉంది.